పాపులర్ మ్యూజిక్ డిగ్రీకి ఇంగ్లండ్ వెళ్ళొచ్చాను, పెట్టిన డబ్బుకి తగ్గ చదువేనా అంటే

2021 సెప్టెంబర్ నుంచి 2024 వేసవి దాకా ఇంగ్లండ్ ఉత్తరాన ఒక యూనివర్సిటీలో పాపులర్ మ్యూజిక్ పెర్ఫార్మెన్స్, ప్రొడక్షన్ అనే మూడేళ్ళ డిగ్రీ చదివాను. యూనివర్సిటీ పేరు రాయడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, అవి ఆ ఒక్క చోటికే పరిమితం అని నేను అనుకోవడం లేదు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి వారానికి ఒకరైనా మెసేజ్ పెడుతున్నారు, "అన్నా, మా తమ్ముడు కీస్ (కీబోర్డ్) బాగా వాయిస్తాడు, అక్కడికి పంపొచ్చా" అని. ప్రతిసారీ సగం సగం చెప్పేబదులు అంతా ఒకచోట రాస్తున్నా. రేటింగ్ అడిగితే ఐదుకి మూడున్నర. ఆ మూడున్నరలో ఎక్కువ భాగం ఒకే ఒక్క గదిది, అందరం కలిసి వాయించే బ్యాండ్ రూమ్‌ది.

మాది రాజమండ్రి. పదో తరగతి నుంచి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించాను, పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ యానివర్సరీలు. చేతిలో రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, పక్కన ఆక్టోప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్) వాయించే మా బాబాయి కొడుకు. ఈ లైన్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, మన ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ అంటే ఒక వాద్యం కాదు. ఫ్లూట్ బిట్ మనమే, వయొలిన్ల గుంపు మనమే, బాస్ (bass, కింది స్వరాల వరస) మనమే, సింగర్ శృతి తప్పితే పట్టుకోవాల్సిందీ మనమే. ఖాళీ అనేది కనిపిస్తే నింపెయ్యాలి. పదేళ్ళు అలా వాయించినవాడు, ఎంత బాగా నింపితే అంత గొప్ప ప్లేయర్ అనుకుంటాడు. నేనూ అదే అనుకుని విమానం ఎక్కాను.

మొదటి వారం బ్యాండ్ రూమ్‌లో ఆరుగురం. డ్రమ్స్, బాస్, రెండు గిటార్లు, పాడే అమ్మాయి, కీస్ మీద నేను. ఏదో పాత సోల్ పాట. ఇంట్లో వాయించినట్టే వాయించాను, ఎడమ చేత్తో బాస్, కుడి చేత్తో కార్డులు (chords, ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు), సందు దొరికిన చోటల్లా స్ట్రింగ్స్ (వయొలిన్ల శబ్దం). రెండో చరణం దగ్గర సార్ చెయ్యెత్తి ఆపారు. (అక్కడ లెక్చరర్లని పేరు పెట్టి పిలవాలి, నాకు మూడేళ్ళూ నోరు రాలేదు, సార్ అనే పిలిచాను.) అందర్నీ ఆగమని, బాస్ కుర్రాణ్ణి, నా ఎడమ చేతిని, ఆ రెండింటినే వాయించమన్నారు. వాయించాం. ఇద్దరం ఒకే కింది స్వరాల మీద నడుస్తున్నాం, కానీ వాడు తర్వాతి కార్డులోకి అర బీటు ముందే జారుతున్నాడు, నేను బీటు మీదే దిగుతున్నాను. ఆ రెండూ కలిసి ఒక బురద. అప్పటిదాకా ఆరుగురి శబ్దంలో నాకు అది వినపడలేదు, విడిగా వింటే చెవులు మూసుకోవాలనిపించింది. సార్ కోప్పడలేదు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో అన్నారు. ఆ పాట వరకు కాదు, ఆ టర్మ్ అంతా, పది వారాలు.

మొదటి మూడు వారాలు అవమానంగా అనిపించింది, అది దాచను. ఒక చేత్తో ఏం వాయించాలి? అప్పుడు చెప్పారు, సీ సెవెన్ కార్డులో సీ ఎందుకు నీకు, అది బాస్ వాయిస్తోంది కదా, నువ్వు ఈ (E), బీ ఫ్లాట్ రెండే వాయించు, అంటే మన లెక్కలో గ, ని. రెండు వేళ్ళు. ఆ రెండు వేళ్ళతో కార్డు మొత్తం వినిపించడం మొదలైన రోజున, గిటార్ ఏం చేస్తోందో నాకు మొదటిసారి వినపడింది. పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. డిసెంబర్‌లో చెయ్యి బయటకి తియ్యమన్నారు, తీశాను గానీ దానికి పెద్ద పని లేకుండా పోయింది. ఇంటి దగ్గర ఇంకో పదేళ్ళు వాయించినా ఈ సంగతి నాకు తెలిసేది కాదు, ఎందుకంటే ఆర్కెస్ట్రాలో నా పక్కన నిజమైన బాస్ గిటార్ ఎప్పుడూ లేదు.

అంకెల గొడవ ఒకటి చెప్పాలి, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. మనకి శృతి అంటే ఒకటి, ఒకటిన్నర, రెండు. ఒకటి అంటే సీ, ఒకటిన్నర సీ షార్ప్, నాలుగు అంటే ఎఫ్. అక్కడ కార్డులకి అంకెలు వాడతారు, నాష్‌విల్ పద్ధతి అంటారు, అందులో ఒకటి అంటే పాట ఏ శృతిలో ఉంటే అది. పాట జీలో ఉంది, బ్యాండ్ లీడర్ నాలుగు వేళ్ళు చూపించాడు, అందరూ సీకి వెళ్ళారు, నేను ఎఫ్ నొక్కాను. రెండు వారాలు ఇదే తంటా. తర్వాత బుర్రకి తట్టింది, ఇది మన స, మ, ప లెక్కే కదా, షడ్జం ఎక్కడ పెడితే అక్కణ్ణుంచి లెక్క. ఒకటి, నాలుగు, ఐదు అంటే స, మ, ప. చిన్నప్పుడు రెండేళ్ళు సరళీ స్వరాలు, జంట స్వరాలు పాడించిన మా టీచర్‌గారి పుణ్యమా అని, ఆ తర్వాత ఏ శృతికి మార్చమన్నా క్లాసులో అందరికంటే ముందు నేనే మార్చేవాణ్ణి. కాబట్టి కర్ణాటక సంగీతం కొంచెం నేర్చుకుని ఆపేసినవాళ్ళు అది దండగ అనుకోకండి.

బ్యాండ్ రూమ్ వారానికి మూడు గంటలు, టర్మ్ టర్మ్‌కి గ్రూపులు మారుస్తారు. శుక్రవారం పాటల లిస్టు ఇస్తారు, మంగళవారానికి నేర్చుకుని రావాలి, నెలకోసారి ఊళ్ళో ఒక చిన్న వెన్యూలో జనం ముందు వాయించాలి. బ్లూస్, సోల్, ఫంక్, రెగె, డిస్కో, అలా వరసగా. రెగె వారం నాకు చాలా కష్టమైంది. మన తాళంలో ఎక్కడెక్కడ తిరిగినా అందరం సమం మీదకి వచ్చి దిగుతాం, మొదటి దెబ్బ అంటే ఇంటికి చేరినట్టు. రెగెలో వన్ డ్రాప్ అని ఒక నడక ఉంది, అందులో డ్రమ్మర్ మొదటి బీటు కొట్టడు. ఖాళీ. మూడో బీటు మీద కిక్ పడుతుంది. ఆ ఖాళీ మీద నిలబడటం నా వల్ల కాలేదు, ప్రతిసారీ కాలు తన్నుకుపోయి అక్కడ పడేది. అదే వారం హిస్టరీ క్లాసులో 1948లో విండ్‌రష్ ఓడలో కరీబియన్ దీవుల నుంచి ఇంగ్లండ్ వచ్చినవాళ్ళ గురించి, తర్వాతి ఏళ్ళలో ఆ సమాజం ఇళ్ళలో, హాళ్ళలో సౌండ్ సిస్టమ్స్ పెట్టుకుని తమ పాటలు తాము వినడం గురించి చెప్పారు. తెల్లవాళ్ళ క్లబ్బుల్లోకి రానివ్వని చోట్ల అవే వాళ్ళ క్లబ్బులు. ఉదయం అది విని మధ్యాహ్నం ఆ ఖాళీ బీటు మీద నిలబడటానికి ప్రయత్నించాను. ఈ రెండూ ఒకే వారంలో పెట్టినవాళ్ళకి చదువు చెప్పడం తెలుసు.

ఇక ప్రొడక్షన్. స్టూడియోలో పెద్ద కన్సోల్ (మిక్సింగ్ బల్ల), ప్యాచ్ బే (వైర్లు కలిపే బోర్డు), ప్రో టూల్స్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్), మంచి మైకులు. వెళ్ళకముందు నా రికార్డింగ్ అంటే ఇంట్లో ల్యాప్‌టాప్, లెవెల్ ఎప్పుడూ ఎర్రలో. మొదటి ఏడాది మొత్తం గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలనేది) ఎక్కడ పెట్టాలి, మైకు ఎక్కడ పెట్టాలి, ఇంతే. బోరు కొడుతుంది, కొట్టినా ఆ ఏడాది వదులుకోకండి.

దీంట్లో ఒక రోజు మాత్రం పూర్తిగా చెప్పాలి. రెండో ఏడాది ప్రాజెక్టులో నేను డప్పు రికార్డు చెయ్యాలనుకున్నాను. దగ్గర్లో తెలుగువాళ్ళు సంక్రాంతి చేసుకుంటే వెళ్ళాను, అక్కడ ఒకాయన దగ్గర డప్పు ఉంది, రెండు రోజులకి ఇచ్చారు. ఇంగ్లండ్ చలికి చర్మం వదులైపోయి చప్పుడు మెత్తగా వస్తోంది. మన దగ్గరైతే నాలుగు ఎండుకొమ్మలు వేసి మంటకి కాచేవాళ్ళం, స్టూడియోలో అగ్గి ఊసెత్తితేనే ఫైర్ అలారం. క్లాస్‌మేట్ హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది. పది నిమిషాలు తిప్పి తిప్పి వేడి చేస్తే కంగుమంది. ముందువైపు ఒక ఎస్ఎం57 మైకు, వెనకవైపు ఒక సీ414 మైకు పెట్టాను. ముందు మైకు విడిగా వింటే సిటికెన పుల్ల (సన్న పుల్ల) చురుకు, సిర్ర (లావు కర్ర) దెబ్బ, రెండూ బాగున్నాయి. వెనక మైకు విడిగా వింటే కింది ఢం బాగుంది. రెండూ కలిపితే ఢం మాయం. అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంది. ఈక్యూలో (శబ్దంలో కింది, పై భాగాల్ని పెంచి తగ్గించే చోట) కింది ఫ్రీక్వెన్సీలు పెంచాను, ఇంకా పెంచాను, రావడం లేదు.

టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. జవాబు చెప్పలేదు, ఒక్క ప్రశ్న వేశాడు. నువ్వు కొట్టినప్పుడు ఆ చర్మం ఎటు వెళ్తుంది? వెనక్కి, అన్నాను. మరి ముందు మైకు దగ్గర గాలి ఏమవుతుంది, వెనక మైకు దగ్గర గాలి ఏమవుతుంది? ముందు గాలిని లాక్కుంటుంది, వెనక తోస్తుంది. అంటే ఒక మైకు పైకి గీత గీస్తుంటే ఇంకోటి అదే క్షణంలో కిందకి గీస్తోంది, కలిపితే రెండూ కొట్టుకుపోతున్నాయి. వెనక మైకు ఛానల్లో సున్నాకి అడ్డగీత ఉన్న చిన్న బటన్ ఉంటుంది, ఆ గీతని తలకిందులు చేసేది, నొక్కమన్నాడు. నొక్కాను. స్పీకర్లలోంచి మా ఊరి జాతర వచ్చింది. ఆ శబ్దం అంత దూరంలో, ఆ గదిలో, అంత నిండుగా విన్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇది రాయడానికి సిగ్గుపడను. ఈ రోజుకీ మన జానపద పాటల మిక్సుల్లో పల్చటి డప్పు వినపడితే ముందు ఆ బటనే గుర్తొస్తుంది. పాపం వాయించినాయన గట్టిగానే వాయించి ఉంటాడు.

అయితే ఆ స్టూడియో దొరకడం ఉంది చూశారూ, అక్కడే నా మార్కులు తెగిపోతాయి. మా బ్యాచ్‌లో అరవై మంది దాకా, పెద్ద కన్సోల్ ఉన్న గదులు రెండు. మాకంటే పై ఏడాదివాళ్ళు, కింది ఏడాదివాళ్ళు కూడా వాటికే. వారానికి ఒక నాలుగు గంటల స్లాట్. నాలుగు గంటల్లో డ్రమ్స్‌కి మైకులు పెట్టి, లైన్లు చెక్ చేసి, మళ్ళీ అన్నీ తీసి సర్దడానికే రెండు పోతాయి. ఆఖరి ఏడాది, ఫైనల్ ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గరపడిన మార్చిలో, ఒక గదిని రిపేర్లని ఆరు వారాలు మూసేశారు. ముందు చెప్పలేదు, గడువూ పెంచలేదు, చివరికి మేమంతా కలిసి ఉత్తరం రాస్తే రెండు వారాలు పెంచారు. నాకు పడినవన్నీ రాత్రి పది నుంచి రెండు దాకా స్లాట్లు. ఆ వేళకి బస్సులుండవు, కీబోర్డ్ భుజాన వేసుకుని నలభై నిమిషాలు నడక. ప్రాస్పెక్టస్‌లో ఆ కన్సోల్ ఫొటో రెండు పేజీల నిండా వేస్తారు. ఫొటో పక్కన ఒక స్టూడెంట్‌కి వారానికి ఎన్ని గంటలో కూడా వెయ్యాలి.

వన్ టు వన్ క్లాసు, అంటే నా వాద్యం మీద నాకొక్కడికే పాఠం, వారానికి అరగంట. టర్మ్ వారాల లెక్కన ఏడాదికి పది గంటలు. మీరు ఇంట్లో గురువుగారి దగ్గర రోజూ కూర్చుని నేర్చుకునే అలవాటు ఉన్నవాళ్ళైతే ఇది షాకే. అక్కడ లెక్క వేరు, ఏడాదికి 120 క్రెడిట్లు, ఇరవై క్రెడిట్ల పేపర్ అంటే మొత్తం 200 గంటల పని అని అర్థం, అందులో ఎక్కువ భాగం నీ సొంత సాధనే. అడిగేవాడు ఉండడు. సాధన చెయ్యనివాడు మూడేళ్ళు హాయిగా గడిపేసి పాస్ కూడా అయిపోతాడు, అలాంటివాళ్ళని చూశాను.

రాయడం కూడా చాలా ఉంది. పావుగంట కచేరీకి రెండు వేల పదాల కామెంటరీ, ఎందుకు అలా వాయించావో, ఏది కుదరలేదో. మొదటి దానికి 54 వచ్చింది, ఎందుకంటే నేను అంతా బాగా జరిగిందని రాశాను. మార్కుల గురించి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి వెళ్ళండి. అక్కడ 70 గానీ ఆపైన గానీ వస్తే ఫస్ట్ క్లాస్. నాకు రెండో ఏడాది ఒక పేపర్‌లో 62 వస్తే ఎగిరి గంతేశాను, ఫోన్‌లో నాన్న "అదేంట్రా, ఇంటర్‌లో తొంభై తెచ్చుకున్నోడివి" అని దిగులుపడ్డారు. ఆ 2023 ఏప్రిల్ నుంచే బ్రిటన్ యూనివర్సిటీల్లో అధ్యాపకుల సంఘం మార్కింగ్ బాయ్‌కాట్ చేసింది, మిగతా పేపర్ల మార్కులు సెప్టెంబర్ దాకా రాలేదు. టెన్షన్ పడ్డాను, కానీ వాళ్ళ మీద కోపం లేదు. మాకు పాఠాలు చెప్పిన చాలామంది గంటల లెక్కన జీతం తీసుకునే మ్యూజిషియన్లు, రాత్రి గిగ్ (కచేరీ) వాయించి పొద్దున క్లాసుకి వచ్చేవాళ్ళు.

మ్యూజిక్ బిజినెస్ పేపర్ ఒకటి ఉంటుంది, అందరూ నిద్రపోయే క్లాసు. నేను మాత్రం మొదటి రోజే లేచి కూర్చున్నాను. 2019లో ఒక యూట్యూబ్ ఛానల్‌కి జానపదం ప్రైవేట్ సాంగ్ చేశాను, ట్యూన్ నాదే, ప్రోగ్రామింగ్ నాదే. ఎనిమిది వేలు చేతిలో పెట్టారు, కాగితం లేదు. ఆ పాట ఇప్పటికీ ప్రతి పెళ్ళి బరాత్‌లో మోగుతుంది. క్లాసులో మేడం బోర్డు మీద రెండు డబ్బాలు గీశారు. ఒకటి పాట, అంటే ట్యూన్, సాహిత్యం. ఇంకోటి రికార్డింగ్. రెండూ వేరు వేరు ఆస్తులు, వేరు వేరు యజమానులు ఉండొచ్చు. బ్రిటన్‌లో పాట తాలూకు డబ్బు పీఆర్ఎస్ అనే సంస్థ వసూలు చేస్తుంది, రికార్డింగ్ తాలూకుది పీపీఎల్. తర్వాత మన దేశం సంగతి వెతుక్కున్నాను. మనకీ అలాంటి సంస్థ ఐపీఆర్ఎస్ ఉంది, 2012లో కాపీరైట్ చట్టం మార్చి స్వరకర్తకీ, రచయితకీ రాయల్టీలో వాటా ఉండేలా చేశారు, దాన్ని ఎవరో రాయించేసుకోవడానికి వీల్లేకుండా. ఏడేళ్ళ ముందే చట్టం ఉంది, నాకు తెలియదు, నాకు చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఎవరితో పని చేసినా, ఫ్రెండ్ అయినా సరే, స్టూడియోలోంచి బయటకి రాకముందే ఎవరికెంత వాటా అని ఒక కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకుంటాం. ఈ ఒక్క అలవాటు కోసం ఇంగ్లండ్ వెళ్ళక్కర్లేదు, ఈ పేరా చదివి ఈ రోజే మొదలుపెట్టండి.

వీసా గురించి పెద్ద అక్షరాలతో రాయాలని ఉంది. స్టూడెంట్ వీసా మీద టర్మ్ నడిచేటప్పుడు వారానికి ఇరవై గంటలు పని చెయ్యొచ్చని అందరూ చెప్తారు. చెప్పనిది ఏంటంటే, సొంతంగా ఫ్రీలాన్స్ చెయ్యకూడదు, ఎంటర్‌టైనర్‌గా పని చెయ్యకూడదు. అంటే ఏ పని నేర్చుకోవడానికి వెళ్ళామో ఆ పనికే డబ్బు తీసుకోకూడదు. నా బ్యాండ్‌లో ఇంగ్లీష్ పిల్లలు శనివారాలు పెళ్ళిళ్ళకి వాయించి తలా వంద పౌండ్లు తెచ్చుకునేవాళ్ళు, నేను అదే శనివారం సూపర్ మార్కెట్‌లో పాల క్రేట్లు సర్దేవాణ్ణి. ఒక పబ్ ఓనరు అరవై పౌండ్లు ఇస్తా, ప్రతి గురువారం పియానో వాయించు అన్నాడు. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే వద్దు, వీసాకి ముప్పు అన్నారు. వద్దన్నాను. మూడేళ్ళు అలా వదులుకున్న పరిచయాలే చదువయ్యాక పని ఇప్పించేవి. నన్ను పంపిన కన్సల్టెన్సీవాళ్ళకి ఈ రూల్ తెలియదు, లేదా చెప్పలేదు. డిగ్రీ అయ్యాక గ్రాడ్యుయేట్ రూట్ (చదువు అయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే వీసా) మీద గిగ్స్ చెయ్యొచ్చు, నేను ఏడాదిన్నర చేసి వచ్చాను, కానీ అప్పటికి అందరికంటే మూడేళ్ళు వెనక ఉన్నాను. ఫీజు నాకు మొదటి ఏడాది 15,000 పౌండ్లు దాటింది, అప్పటి రేటుకి 15 లక్షల పైమాటే. అదే క్లాసులో కూర్చున్న ఇంగ్లీష్ పిల్లలకి అప్పట్లో 9,250 పౌండ్లు.

అంత దూరం వెళ్ళకుండా ఏముంది అంటే, రెహమాన్ 2008లో చెన్నైలో పెట్టిన కేఎం కన్జర్వేటరీకి లండన్ మిడిల్‌సెక్స్ యూనివర్సిటీతో సంబంధం ఉండేది, కొంత చదువు చెన్నైలో చేసి డిగ్రీ అక్కడ పూర్తిచేసే దారి, ఖర్చు తగ్గేది, ఇప్పుడూ ఉందో లేదో కనుక్కోండి. మన దగ్గర విజయనగరం సంగీత కళాశాల 1919 నుంచి ఉంది, ఘంటసాల నేర్చుకున్న చోటు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం అక్కడ శ్రద్ధగా చెప్తారు. నాకు బాధ ఏంటంటే, రాజమండ్రిలో ఆక్టోప్యాడ్ వాయించే మా తమ్ముడికి, కీస్ వాయించే వందమందికి, మైకు పట్టుకోవడం నేర్చుకోవాలనుకునే పిల్లకి ఇవి నేర్పే ఫలానా ప్రభుత్వ కాలేజీకి వెళ్ళు అని చెప్పడానికి నాకు తెలిసి ఊళ్ళో ఏదీ లేదు. ఒక గది, ఒక డ్రమ్ సెట్, ఒక బాస్ గిటార్, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమని చెప్పే ఒక మనిషి చాలు. అది 15 లక్షల వ్యవహారం కాదు.

ఇవన్నీ విన్నాక కూడా వెళ్ళాలనుకుంటే, ఫీజు కట్టకముందు అక్కడి విద్యార్థిని ఎవరినైనా పట్టుకుని నాలుగు సంగతులు అడగండి. వారానికి స్టూడియో ఎన్ని గంటలు దొరుకుతుంది, అది పగలా రాత్రా. బ్యాండ్ రూమ్‌లో లెక్చరర్ మొత్తం కూర్చుంటారా, మధ్యలో తొంగిచూసి వెళ్ళిపోతారా. ఇది చాలా ముఖ్యం, మా పక్క గ్రూపుకి ఒక టర్మ్ అంతా తొంగిచూసే మనిషి పడ్డారు, వాళ్ళు ఏమీ నేర్చుకోలేదు. మిక్సులు ఎవరు వింటారు, ఎంతసేపు వింటారు. గిగ్స్ విషయంలో వీసా రూల్ ఏంటో యూనివర్సిటీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి.

ఆడిషన్ వీడియో పంపేటప్పుడు కీబోర్డ్‌లో స్టైల్స్ (దానంతటదే వాయించే తాళం, వాద్యాలు) ఆన్ చెయ్యకండి, స్ప్లిట్ (రెండు చేతులకి రెండు వాద్యాల శబ్దం) పెట్టకండి, స్ట్రింగ్స్ లేయర్ (పియానో మీద కలిపే వయొలిన్ల శబ్దం) తీసెయ్యండి. ఒక్క పియానో టోన్, వీలైతే పక్కన నిజంగా బాస్ గానీ గిటార్ గానీ వాయించే ఒక మనిషి. ఆ మనిషి వాయిస్తున్నప్పుడు మీరు ఎక్కడ ఆగుతున్నారో కెమెరాకి కనిపించేలా వాయించండి.